మన ముద్ద ముందే పక్కన పెట్టుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం మమ్మల్ని పొదుపు గురించో, రికవరీ గురించో మాట్లాడమంటారు. ఈసారి అధ్యక్షురాలు అక్క "మీరు పొద్దున్నే చెరువు కట్ట మీద ఉరుకుతారంట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. ముందే ఒక నిజం చెప్పేస్తాం. మేము ఆటల్లో పేరు తెచ్చుకున్నోళ్లం కాదు. ఏ పందెంలోనూ గెలవలేదు. ఇంకో నిజం, మాకు తిండి అంటే ప్రాణం. ఆదివారం నాటుకోడి పులుసులోకి వేడి వేడి సంగటి ముద్ద, ఉగాదికి నెయ్యి కారే ఓళిగలు, సంత రోజు ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఇవి మానుకోమంటే మా గ్రూపులో ఒక్కరు కూడా ఒప్పుకోరు. కాబట్టి ఇది నోరు కట్టుకోమని చెప్పే ఉపన్యాసం కాదు. భయపడకండి.

ఈ ఉరుకుడు ఎట్లా మొదలైందో చెబుతాము. మా గ్రూపులో 11 మంది ఉన్నాము. మూడేళ్ల కిందట ఊర్లో ఆరోగ్య శిబిరం పెడితే మాలో ఇద్దరికి షుగర్, ముగ్గురికి బి.పి. ఉందని తేలింది. రోజూ అరగంట నడవమని ఏ.ఎన్.ఎం. అక్క చెప్పింది. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంట. అంటే వారంలో 5 రోజులు, రోజుకు అరగంట. వడ్డీ లెక్కలు వేసే మనకు ఇదేం పెద్ద లెక్క కాదు.

అప్పుడు ఒక పెద్దమ్మ అడిగింది, "పొద్దుగూకులూ చేన్లో పని చేసేదానికి మళ్ళీ నడకెందుకే?" అని. మంచి ప్రశ్నే. రోజూ కూలికి పోయి కలుపు తీసే మనిషికి వేరే కసరత్తు అక్కరలేదు, ఆమెకు కావలసింది విశ్రాంతి. కానీ మాలో నలుగురు కుట్టు మిషన్ ముందు కూర్చుంటారు. ఇద్దరు అంగడి పెట్టుకున్నారు. ఒకరు పొద్దస్తమానం పుస్తకాలు రాస్తారు. రోకలి పోయి మిక్సీ వచ్చింది, బావి పోయి కొళాయి వచ్చింది. మంచిదే. కానీ మా అమ్మలు తిన్నట్టే తింటూ, వాళ్ళు చేసిన పనిలో సగం కూడా చేయడం లేదు.

మొదట నడిచినాము. తర్వాత ఒక రోజు కుక్క తరిమితే అందరం ఉరికినాము. నిజంగానే! నవ్వి నవ్వి ఆయాసం వచ్చింది కానీ బాగుంది. మరుసటి రోజు నుంచి కుక్క లేకుండానే ఉరికినాము. కరెంటు స్తంభాలే మాకు లెక్క. ఒక స్తంభం దూరం ఉరుకు, రెండు స్తంభాలు నడక. నెల పోయినాక రెండు ఉరుకు, రెండు నడక. ఇప్పుడు ఆరుగురం ఆగకుండా 3 కిలోమీటర్లు పోతాము. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు నడుస్తారు. ఎవరినీ తొందర పెట్టము.

టీ అంగడి దగ్గర మగవాళ్ళు "యాడికమ్మా, బస్సు పోయిందా?" అని ఎగతాళి చేసినారు. రెండు నెలలకు వాళ్ళే అలిసిపోయి మానుకున్నారు. హవాయి చెప్పులతో ఉరికితే కాళ్ళు బొబ్బలెక్కినాయి. బూట్లకు మనిషికి 500 రూపాయలు గ్రూపు అంతర్గత అప్పు ఇవ్వాలంటే మీటింగులో గంటసేపు వాదన జరిగింది. "బర్రెకు అప్పిస్తాం, మిషన్‌కు అప్పిస్తాం, బూట్లకు అప్పా?" అన్నారు. చివరికి తీర్మానం రాసినాము. 5 నెలల్లో అందరూ కట్టేసినారు, ఒక్క కంతు కూడా తప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేము చేసిన తప్పు చెప్పాలి.

ఉరకడం మొదలుపెట్టిన కొత్తలో మాకు బరువు తగ్గాలనే పిచ్చి పట్టుకుంది. సెల్లులో ఏవేవో చూసినాము. రాత్రి అన్నం మానేయమని, పొద్దున వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగితే చాలని లీడరుగా మేమే అందరికీ చెప్పినాము. తిండి మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళం తిండినే శత్రువులా చూసినాము. మూడు వారాలు గడిచినాయి. ఒక రోజు పొద్దున కట్ట మీద మా గ్రూపు అక్క ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. నుదురు రాయికి తగిలి రక్తం కారింది. ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయినాము. రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. ఆడమనిషికి 12 ఉండాలి.

డాక్టరమ్మ అడిగింది, "రాత్రి ఏం తిన్నావమ్మా?" అని. "ఏమీ తినలేదు, గ్రూపులో వద్దన్నారు" అని చెప్పింది ఆ అక్క. మేము తల వంచుకుని నిలబడినాము. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, "అంతకు ముందు ఏం తినేదానివి?" అని. ఆ అక్క కొంచెంసేపు ఆలోచించి "మిగిలింది" అనింది.

ఆ ఒక్క మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ అక్క ఇష్టంతోనే ఇక్కడ చెబుతున్నాము. ఆమె ఈ సభలోనే ఉంది.

ఆ వారంలోనే 11 మందిమీ పరీక్ష చేయించుకున్నాము. 7 మందికి 12 కంటే తక్కువ వచ్చింది. లావుగా కనబడే వాళ్ళకు కూడా తక్కువే. ఒళ్ళు ఉంటే రక్తం ఉన్నట్టు కాదని అప్పుడు తెలిసింది. ఇది మా ఊరి సంగతి మాత్రమే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ హాలులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఉండవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం, కళ్ళు తిరగడం. వీటిని మనం "పని ఎక్కువైంది" అని సర్దుకుపోతాము.

మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. నాలుగు గుడ్లు ఉడకబెడతాము, ఇంట్లో ఐదుగురు ఉంటాము. ఆ గుడ్డు లేని ఐదో మనిషి ఎవరో చెప్పనక్కరలేదు. కోడి కూర చేస్తే ముక్కలు వాళ్ళకు, పులుసు మనకు. వండిన చేయి మనదే, ఉప్పు కారం సరిచూసిన నాలుక మనదే, గిన్నె అడుగు గోకేది కూడా మనమే.

అప్పుడు మీటింగులో ఒక చెల్లెలు మంచి మాట అనింది. "అక్కా, మనం పొదుపు ఎట్లా చేస్తాం? ఖర్చులన్నీ పోయినాక మిగిలితే కడతామా? అట్లయితే ఏ నెలా కట్టలేం. డబ్బులు చేతికి రాగానే ముందు పొదుపు పక్కన పెడతాం. తిండి కూడా అంతే" అనింది. అంతే, అదే మా తీర్మానం అయింది. వండినాక ఎవరికీ వడ్డించక ముందే మన పళ్ళెంలో మన సంగటి ముద్ద, మన పప్పు, మన గుడ్డు తీసి మూత పెట్టుకోవాలి. ఎప్పుడు తింటామన్నది తర్వాత. ముందు మన భాగం పక్కన ఉండాలి.

అన్ని ఇళ్ళలో ఇది సులభంగా జరగలేదు. ఒక ఇంట్లో అత్త మూడు రోజులు మాట్లాడలేదు. "మొగుడు తినకముందే పళ్ళెం సర్దుకుంటుంది" అని వీధంతా చెప్పింది. తర్వాత ఆ అత్తను కూడా పరీక్షకు తీసుకుపోయినాము. ఆమెకు 9 వచ్చింది. ఆమె కూడా నలభై ఏళ్ళు మిగిలిందే తినింది కదా! ఇప్పుడు ఆ ఇంట్లో రెండు పళ్ళేలు మూత పెట్టి ఉంటాయి.

ఇప్పుడు మా రోజు ఎట్లా జరుగుతుందో చెబుతాము. పొద్దున 5 గంటలకు లేస్తాము. ఒట్టి కడుపుతో ఉరకము. ఒక అరటిపండో, అర గ్లాసు రాగి జావో తాగి బయలుదేరుతాము. షుగర్ మాత్రలు వేసుకునే ఇద్దరు అక్కలు డాక్టరును అడిగే మొదలుపెట్టినారు, కొంగున చక్కెర పొట్లం కట్టుకుని వస్తారు. తిరిగొచ్చినాక ఆకలి దంచేస్తుంది. ఆ ఆకలి ఎంత బాగుంటుందో చెప్పలేము. చెనిక్కాయల ఊరిబిండితో సంగటి తింటే పెళ్ళి భోజనం లెక్కన ఉంటుంది.

రక్తం కోసం వారానికి నాలుగు రోజులు ఆకుకూర, రోజూ గుప్పెడు చెనిక్కాయలు, కుదిరినప్పుడు గుడ్డో మాంసమో తింటాము. పప్పులోకి నిమ్మకాయ పిండుకుంటాము, పులుపు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మానుకున్నాము, గంట ఆగి తాగుతాము. ఇదే మాకు అన్నిటికంటే కష్టమైంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది. దానికి భయపడి మాలో ఇద్దరు మాత్రలు పారేసినారు. అది మామూలే, మానొద్దు.

రాగి గురించి కూడా ఒక మాట. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, ఎముకలకు మంచిది. కానీ రాగే కదా అని రెండు ముద్దలు ఎక్కువ లాగిస్తే షుగర్ తగ్గదు. మా పెద్దమ్మ ఒకామె అట్లే చేసి పెంచుకుంది. ముద్ద చిన్నదిగా, పక్కన కూర ఎక్కువగా ఉండాలి.

బరువు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాము. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు ఉరికితే సుమారు 300 కేలరీలు ఖర్చవుతాయి. నెయ్యి వేసుకుని ఒక ఓళిగ, దాని మీద ఒక బజ్జీ తింటే దాదాపు అంతా వెనక్కి వచ్చేస్తుంది. మూడేళ్ళలో మాలో నలుగురు తగ్గినారు, మిగిలినోళ్ళు అట్లే ఉన్నారు. కానీ ఇద్దరికి బి.పి. అదుపులోకి వచ్చింది, అందరికీ నిద్ర బాగా పడుతుంది. ఓళిగలు పండగకు తింటాము, తిన్నామని బాధపడము. తగ్గించుకున్నది రోజువారీ నూనె. నెలకు ఎంత నూనె కొన్నామో గ్రూపు పుస్తకం వెనక పేజీలో రాసుకుంటాము. రాస్తే చాలు, చేయి దానంతట అదే తగ్గుతుంది.

మన గ్రూపులకు పంచసూత్రాలు ఉన్నట్టే మా ఉరుకుడుకు కూడా పెట్టుకున్నాము. వారానికి 5 రోజులు క్రమం తప్పకుండా రావాలి. ఏదో ఒకటి తినే రావాలి. మాట్లాడగలిగినంత వేగంతోనే పోవాలి. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆగి చెప్పాలి. ఆరు నెలలకొకసారి రక్తం చూపించుకుని పుస్తకంలో రాయాలి.

పడిపోయిన మా అక్క సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. మాత్రలు, తిండి సరిగ్గా తీసుకున్నాక మూడు నెలలకు 10.4 వచ్చింది, పోయిన నెల 12.1 వచ్చింది. మొన్న మార్చి 8న మహిళా దినోత్సవానికి టౌన్‌లో 5 కిలోమీటర్ల పరుగు పెడితే మా గ్రూపు నుంచి నలుగురం పోయినాము. ఆమె కూడా వచ్చింది. వెనక నుంచి లెక్కపెడితే మేమే ముందు. కానీ పూర్తి చేసినాము. ఆ తర్వాత బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాము. ఆమె రెండో ప్లేటు చెప్పింది. ఆ రోజు ఆమె మిగిలింది తినలేదు, అడిగి తినింది.

అన్నీ బాగున్నాయని చెప్పము. మాలో ఒక చెల్లెలు ఇంట్లో ఒప్పుకోక నిరుడు మానేసింది. ఆమె ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు ఇప్పటికీ ఒకసారి పిలుస్తాము. ఒక్కోరోజు కిటికీలో నుంచి చేయి ఊపుతుంది. పిలవడం మాత్రం మానము.

చివరగా సమాఖ్యకు మాదొక విన్నపం. ప్రతి గ్రామ సంఘంలో సంవత్సరానికి రెండుసార్లు సభ్యులందరికీ రక్త పరీక్ష జరిగేట్టు ఆరోగ్య కేంద్రం వాళ్ళతో మాట్లాడండి. పొదుపు ఎంత, అప్పు ఎంత అని రాసుకునే పుస్తకంలో రక్తం ఎంత అని ఒక గడి చేర్చండి. అప్పు తీర్చాల్సింది మనమే, ఆ తీర్చే మనిషి నిలబడగలగాలి కదా.

మీలో అందరూ ఉరకనక్కరలేదు. కానీ ఈ రోజు ఇంటికి పోయినాక రాత్రి వంట అయిన వెంటనే ఒక పళ్ళెం తీసి, మీ ముద్ద అందులో పెట్టి, మూత పెట్టండి. రేపు మళ్ళీ చేయండి.

భోజనాల టైము అయింది, ఈ రోజు వడ్డించేది వేరేవాళ్ళు, మనమందరం ముందు వరుసలోనే కూర్చుందాం.