ఘాట్ రోడ్డు ఎక్కని న్యాయశాస్త్రం



వేదిక మీది పెద్దలకూ, మైదానం నుంచి వచ్చిన న్యాయశాస్త్ర అధ్యాపకులకూ, పాడేరు, రంపచోడవరం కోర్టుల్లో నల్లకోటు వేసుకుంటున్న మిత్రులకూ, ఊళ్ల నుంచి వచ్చి వెనక వరసల్లో కూర్చున్న పెద్దలకూ స్వాగత వచనాలు ఇప్పటికే అందాయి. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఈ కొండల మీద పుట్టిన వ్యాజ్యాలు దేశ రాజ్యాంగ న్యాయాన్నే మలుపు తిప్పాయి. ఆ న్యాయాన్ని మాత్రం ఈ కొండల పిల్లలకు మనం సరిగా చెప్పడం లేదు. నా ఫిర్యాదు ఇదే.

మీలో చాలామంది బొర్రా గుహలు చూసే ఉంటారు. ఆ చుట్టుపక్కలే, అనంతగిరి మండలం నిమ్మలపాడు ప్రాంతంలో, ఖనిజ తవ్వకాల కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ వాటిని ప్రశ్నించి హైకోర్టులో ఓడింది, 1997 జూలై 11న సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ తేల్చారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ వారితో విభేదించారు. ఇద్దరి మాట ఒకరి మాట మీద నెగ్గిన తీర్పు అది. అయినా రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు గురించి ఎవరు మాట్లాడినా ఇవాళ్టికీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ తీర్పు ఒక తలుపు తెరిచే ఉంచింది. ప్రభుత్వ రంగ సంస్థ తవ్వుకోవచ్చంది. ఆ తలుపులోంచే బాక్సైట్ వచ్చింది. ప్రభుత్వ సంస్థ తవ్వాలి, ముడిఖనిజం ప్రైవేటు ఫ్యాక్టరీకి చేరాలి అన్నది ఏర్పాటు. ఆ తవ్వకానికి వీలు కల్పిస్తూ 2015లో జీవో 97 వచ్చింది, మన్యం భగ్గుమంది, 2019లో ఆ జీవో రద్దయింది. దాన్ని రద్దు చేయించింది కోర్టు అనడం కంటే జనం అనడమే న్యాయం. మనకు ఉత్తరాన ఒడిశాలోని నియమగిరిలో కథ ఇంకోలా నడిచింది. కొండను తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలనే అడగమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగితే 12 గ్రామసభలూ వద్దన్నాయి.

ఇక 1/70. దాని అసలు రూపం 1959 నాటి భూ బదలాయింపు నిబంధన. 1970 సవరణ దానికి కోరలు పెట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు భావించాలి, కాదని నిరూపించుకోవలసిన బరువు అతనిదే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. పర్యాటకం పేరుతో దాన్ని సవరించాలన్న మాట వినబడగానే 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. బంద్ సరే. అరకులో బినామీ పేర్ల మీద లేస్తున్న గోడల సంగతేమిటని నన్నడిగితే, సవరణ కంటే ఆ గోడలే ఎక్కువ ప్రమాదమంటాను.

నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది జీవో 3 దగ్గర. మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఏజెన్సీ బడులకు సరిగా రావడం లేదని 2000 జనవరిలో అక్కడి టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. ఇరవయ్యేళ్ల తర్వాత, 2020 ఏప్రిల్ 22న, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని షరతుతో కాపాడింది, రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. గిరిజన జీవనం గురించి ఆ తీర్పు వాడిన కొన్ని మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది.

కోపం పక్కన పెట్టి చదివితే ఇంకోటి కనిపిస్తుంది. ఐదో షెడ్యూలు ఐదో పేరాలో గవర్నరుకు రెండు దారులున్నాయి. ఉన్న చట్టాన్ని ఏజెన్సీకి వర్తించకుండా చేయడం, లేదా మార్పులతో వర్తింపజేయడం మొదటిది. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో కొత్త నిబంధన చేయడం రెండోది. 1/70 రెండో దారిలో వచ్చి నిలబడింది. జీవో 3 మొదటి దారిలో వచ్చి పడిపోయింది. రెండో దారిలో వచ్చినా సమానత్వ హక్కు పరీక్ష తప్పేది కాదు, నిజమే. కానీ అంత బలహీనంగా కోర్టు మెట్లెక్కేది కాదు. ఈ తేడా తెలిసిన ఒక్కరు ఆనాడు సచివాలయంలో గట్టిగా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది! అలాంటివారిని తయారుచేయవలసిన పని లా కాలేజీలది.

విశాఖ దగ్గర సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరిట న్యాయ కళాశాల ఉంది. రెండూ ఈ కొండలకు కూతవేటు దూరంలోవే. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎల్ఎల్‌బీ విద్యార్థులందరికీ పాఠమే. కానీ విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో 1924 నాటి ఏజెన్సీ నిబంధనలకు ఆ కోడ్ అడ్డురాదని ఎంతమందికి తెలుసు? 1/70 దావాను ఎవరు వింటారో, అప్పీలు ఎక్కడికి పోతుందో తెలియకుండానే పట్టా చేతికొస్తోంది.

కొత్త తీర్పులు కూడా ఈ కొండలను తాకుతున్నాయి. న్యాయవాదిగా నమోదుకు ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. సంతోషం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో అదే కోర్టు చెప్పింది. అనుభవం కావాలనడంలో తప్పులేదు. కానీ హుకుంపేట నుంచో ముంచంగిపుట్టు నుంచో వచ్చిన కుర్రాడు విశాఖలో సీనియరు దగ్గర చేతిలో పైసా ఆడకుండా మూడేళ్లు గడపగలడా? ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టుంది.

మరో తీర్పు మన సభలోనే కొందరికి రుచించదని తెలిసీ చెబుతున్నాను. గిరిజన మహిళకు పూర్వీకుల ఆస్తిలో వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదు, ఆచారమే ఆధారం. భగతల ఆచారం ఏమిటి, కొండదొరలదేమిటి, గదబలదేమిటి? ఊరి పెద్దల దగ్గర కూర్చుని, ఆడవాళ్లనూ అడిగి రాసుకున్నవారు ఎందరు? ప్రభుత్వాన్ని సమానత్వం అడిగే మనం ఇంట్లో దాన్ని వాయిదా వేయలేం.

సదస్సు ముగిసేలోగా కొన్ని తీర్మానాలు చేయాలని కోరుతున్నాను. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల లా కాలేజీల్లో ఐదో షెడ్యూలు, 1/70, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం పీసా, అటవీ హక్కుల చట్టం కలిపి ఒక తప్పనిసరి పేపరు ఉండాలి. విద్యార్థులు కనీసం ఒక సెమిస్టరు పాడేరులోనో రంపచోడవరంలోనో న్యాయ సహాయ కేంద్రంలో పనిచేయాలి. సమత తీర్పు, జీవో 3 తీర్పు చదవదగిన తెలుగులో ప్రతి పంచాయతీకీ అందాలి. జూనియర్లుగా చేరే గిరిజన పట్టభద్రులకు ఆ మూడేళ్లూ భృతి ఇవ్వాలని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. ఇక్కడున్న సీనియర్ న్యాయవాదులు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా తలా ఒకరిని చేరదీస్తామని ఈ వేదిక మీదే మాటివ్వాలి. మాటిచ్చేవారి పేర్లు మధ్యాహ్న భోజనానికి ముందే రాయించండి.