ఆనర్సు చదువు – మన పిల్లలు
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కళాశాలలో ఆనర్సు చదువు వలని ప్రయోజనాలను గురించి మాట్లాడవలసిందిగా కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. అందులో చేరక నష్టపోయినవాడు చెబితే వింటారని కాబోలు! “తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాడివి, ఒకే శాస్త్రాన్ని ఇంగ్లీషులో అంత లోతుగా చదివి నెగ్గగలవా?” అని ఆనాడు ఒక పెద్దమనిషి అన్నారు. నేను జంకి పాస్ కోర్సుతో సరిపెట్టుకున్నాను. ఎమ్మెస్సీ ప్రవేశానికి వెళ్ళిన నాడు గాని ఆ జంకు ఖరీదు నాకు తెలియలేదు.

నిజానికి ఈ చదువుకు మన నేలతో పాత బంధుత్వమే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు కొరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలోనిదే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. వాల్తేరులోని సైన్సు కళాశాల ఆయన పేరనే వెలసింది. ఆ విశ్వకళాపరిషత్తులోనే సి.ఆర్. రావుగారు 1940లో గణితంలో ఆనర్సు పూర్తిచేశారు. అయిదేళ్ళకు, 1945లో, ఆయన ప్రకటించిన వ్యాసంలోని సూత్రాన్ని నేటికీ గణాంకశాస్త్రం చదివే ప్రతివారూ ‘క్రామర్–రావు’ పేరుతో నేర్చుకుంటారు. ప్రతిభ ఆయనది, దానిని ఆనర్సు ఖాతాలో వేయను. కాని ఒకే శాస్త్రంతో ఏళ్ళ తరబడి కుస్తీపట్టే అవకాశం లేత వయసులోనే దొరకడం చిన్న విషయం కాదు.

ఆనర్సులోని అసలు లాభం అదే. పది విషయాలు పైపైన తడిమినవానికి జవాబులు తెలుస్తాయి. ఒకదానిలో మునిగినవానికి ప్రశ్న వేయడం తెలుస్తుంది. తరగతి చిన్నదైతే అధ్యాపకుడు విద్యార్థిని పేరు పెట్టి పిలుస్తాడు, వాడి తప్పును వాడి చేతనే దిద్దిస్తాడు.

ఆంధ్రలో తరువాతి కాలంలో మూడు సబ్జెక్టుల డిగ్రీయే రివాజయింది. 2023–24లో గాని ఆనర్సు వైపు మళ్ళలేదు. ఒడిశాలో మాత్రం ప్లస్ త్రీలో అది కొనసాగుతూ వచ్చింది. వాకిట్లో ఉన్నదానిని మనమే చూడలేదు.

ఇప్పుడు నియమాలు మారాయి. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళకు 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేళ్ళకు 160 క్రెడిట్లతో ఆనర్సు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగవ ఏట పరిశోధన చేయవచ్చు. నాలుగేళ్ళు చదివినవారికి పీజీ ఒక్క ఏడాదే. ఇంటికి సంపాదన తక్షణం కావలసిన పిల్లవాడు మూడేళ్ళకే పట్టా పుచ్చుకొని బయటికి రావచ్చు. అది ఓటమి కాదు. నాలుగవ ఏటి ఖర్చు భారమే, దాచను.

మిగిలింది భాష భయం. తెలుగులో అర్థమైన సూత్రం ఇంగ్లీషులో అబద్ధం కాదు. కొరవడేది పారిభాషిక పదాలు మాత్రమే. ఒక్క వేసవిలో పట్టుబడతాయి. తొమ్మిదవ తరగతి నుంచే తెలుగు మాట పక్కన ఇంగ్లీషు మాట రాయించవలసిందిగా గురువులను కోరుతున్నాను. ప్రధానోపాధ్యాయులవారు ఒక గది ఇప్పిస్తే, ఆదివారాలు ఉదయం నేను వచ్చి కూర్చుంటాను. ఆనర్సు దరఖాస్తు పట్టుకొని జంకుతున్న పిల్లలను అక్కడికి పంపండి.