వార్తావిద్య – విశ్వవిద్యాలయము



పత్రికారచన పుట్టుకతో రావలెను గాని తరగతిలో నేర్చిన వచ్చునది కాదను మాట చిరకాలముగా వినబడుచున్నది. ఈ మాటకు ఆధారము లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు, ముట్నూరి కృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి గారలు ఈ విద్యలో పట్టము పొందినవారు కారు. వారు సంపాదకత్వమునకు పూనుకొన్ననాడు దేశమున అట్టి పట్టమే లేదు.

కాలము మారినది. 1941లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ ఏర్పడెను. దేశ విభజనానంతరము అది ఢిల్లీకిని, 1962లో చండీగఢునకును తరలెను. 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఈ బోధన నారంభించెను. 1965 ఆగస్టు 17న ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ వెలసెను.

ఈ విద్య యొక్క ప్రయోజనమేమి? వార్త వ్రాయుట ఇందొక భాగము మాత్రమే. చెప్పిన మాట వినువానికి చేరినదా లేదా యని విచారించుట దీని హృదయము. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగెను. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. వారికి తెలుగుననే కార్యక్రమములు వచ్చెను. పరిశోధకులు కొన్ని గ్రామములలో నివసించి, ప్రజలు ఏమి చూచిరి, ఏమి గ్రహించిరి యని పరిశీలించిరి. ఉత్తర్వు వెలువడుట వేరు, అది రైతుకు బోధపడుట వేరు. ఈ భేదము కార్యాలయోద్యోగులకు తెలియనిది కాదు.

ఇచ్చట ఒక చిక్కు గలదు. ప్రవాసాంధ్రుల బిడ్డలు ఆంగ్లమున చక్కగా వ్రాయుదురు, హిందీలో చక్కగా మాటలాడుదురు. తెలుగున జాబు వ్రాయుమన్నచో కలము ఆగును. అట్టివారు ఈ విద్య ముగించి వచ్చినను, పల్లెలోని పెద్దమ్మకు టీకా సంగతి విడమరచి చెప్పజాలరు. యంత్రమెంత గొప్పదైనను, భాష లేనిదే మాట దాటదు.

1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమును బోధించుచున్నది. 2025లో తెలంగాణ ప్రభుత్వము ఆ సంస్థకు ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినది. పట్టము లేని సంపాదకుని పేరు పట్టములిచ్చు సంస్థకు అమరుట ఉచితముగనే యున్నది. అనుభవమును శిక్షణయు పరస్పర విరోధులు కావు.

నేడు చేతిలోని ఫోనే ముద్రణాలయము, ప్రతివాడును ప్రకటనకర్తయే. అసత్యము సత్యముకంటె ముందుగా ఊరు చుట్టివచ్చుచున్నది. కావున బిడ్డ ఈ విద్య కోరినపుడు జీతమెంతయని మాత్రమే అడుగక, విన్నదానిని విచారించి చెప్పు ఓర్పు గలదా, తల్లిభాషలో చెప్పు నేర్పు గలదా యని తల్లిదండ్రులు అడుగవలెను. ఓర్పును గురువు నేర్పవచ్చును. భాష మాత్రము ఇంటనే మొదలు కావలెను.