మొగ్గలోని కాపలా



మా మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ఈ ఏడు నన్ను మాట్లాడమన్నారు. ఇంటర్మీడియట్‌లో ఆయన మాకు ఉమ్మెత్త పువ్వును నిలువునా కోసి చూపించేవారు. సగానికి విరిచిన షేవింగ్ బ్లేడు, పువ్వు కింద నల్ల కాగితం. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, వీటన్నిటి మధ్య అండాశయం. లోపలున్న దాని కోసమే బయటివన్నీ అని చెప్పి, అవి దాన్ని ఎలా కాపాడతాయో మాత్రం మీరు పెద్దయ్యాక తెలుసుకోండిరా అని వదిలేసేవారు. నేను తెలుసుకున్నది ఈ మెల్బోర్న్‌లోనే. అందుకే ఆ ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబునే ఈ రోజు ఎంచుకున్నాను.

పువ్వు అంటే మొక్క ఇంటికి తీసి పెట్టిన తలుపు. పుప్పొడి లోపలికి రావాలి కాబట్టి కీలాగ్రం తడిగా, జిగటగా ఉండాలి. తేనెలో చక్కెర ఉండాలి. బూజుకు కావలసినవీ అవే. సజ్జలో, జొన్నలో తేనెబంక తెగులు చూసిన రైతులకు ఇది కొత్త కాదు. ఆ శిలీంధ్రం పుప్పొడి వెళ్లే దారినే పట్టుకుని అండాశయం చేరుతుంది, గింజ ఉండాల్సిన చోట బంక కారుతుంది. 1996లో ఆ జొన్న తెగులు ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లోనూ కనబడింది. సజ్జకు ఈ తేనెబంక తెగులు మీద ఒక చక్కటి ఉపాయం ఉంది. పుప్పొడి ముందుగా చేరిందంటే కీలం నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది, వెనకాల వచ్చిన శిలీంధ్రానికి ప్రవేశం లేదు.

ఆకు సంగతి వేరు. ఆకు మీద తెగులు పడితే, సోకిన చోట కణాలు కొన్ని తమంతట తామే చచ్చి మచ్చగా మిగులుతాయి. శత్రువును అక్కడే ఎండగడతాయి. రక్షణ జన్యువుల్లో చాలావరకు అప్పుడే మేలుకుంటాయి. ఒక ఆకు పోతే మొక్క ఇంకోటి వేస్తుంది. అండాశయంలో అలాంటి మచ్చ పడితే మాత్రం ఆ కాయ అంతటితో సరి. కాబట్టి పువ్వు దగ్గర దాడి జరిగాక మేలుకుంటే కుదరదు.

గుంటూరు, ప్రకాశం వైపు పొగాకు ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పూత తొంగిచూడగానే తలలు తుంచేస్తాం, ఆకుకు బలం పట్టాలని. మనం తుంచి పారేసే అలాంటి పువ్వునే మెల్బోర్న్‌లో శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి ముందు పెట్టుకు కూర్చున్నారు. అది మన పొగాకు కాదు, దాని దగ్గరి చుట్టం. తోటల్లో అందం కోసం పెంచే నికోటియానా అలాటా. దక్షిణ అమెరికా మొక్క, చీకటిపడే వేళకు వాసన చిమ్ముతుంది. తన పుప్పొడి తన మీదే పడితే గింజ కట్టనివ్వదు, మనం సంబంధాలకు గోత్రం చూసినట్టు. ఏ పుప్పొడిని రానివ్వాలో తేల్చే జన్యువును మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియెన్ క్లార్క్ బృందం పట్టుకుంది. మెరిలిన్ ఆండర్సన్ ముందుండి రాసిన ఆ వ్యాసం 1986లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఆ తర్వాత ఆండర్సన్ అదే మొక్క పువ్వుల్లో రక్షణ అణువులను వెతికారు. కీలాగ్రంలో పురుగుల జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రొటీన్లు గుట్టలుగా దొరికాయి. ఆ కథ మరోసారి. నేను చెప్పదలచుకున్నది ఎన్ఏడీ1 అనే డిఫెన్సిన్ గురించి, అంటే బూజును ఎదిరించే ఒక రక్షణ ప్రొటీన్ గురించి. 47 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, నాలుగు గంధకపు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది. మన ఒంట్లోనూ డిఫెన్సిన్లున్నాయి.

ఆండర్సన్ తన సహపరిశోధకులు లే, బ్రుగ్లియేరాలతో కలిసి 2003లో ప్రకటించిన పనిలో నన్ను కట్టిపడేసింది, ఈ జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేస్తుందన్న విషయం. మొక్కలోని ప్రతి కణంలోనూ ఆ జన్యువు ఉంది. ఆకులో నిద్రపోతుంది, పువ్వులో మేలుకుంటుంది. అదీ ఎప్పుడు? పువ్వు విచ్చుకోకముందే, లేత మొగ్గలోనే. మొగ్గను అడ్డంగా పలచగా కోసి, డిఫెన్సిన్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకంతో చూస్తే, రేకుల్లో, రక్షకపత్రాల్లో, పరాగకోశాల్లో, కీలంలో బయటి కణాల వరసల్లోనే అది కనిపిస్తుంది. అంటే ప్రహరీ గోడ మీద కాపలా. శత్రువు ఇంకా రాలేదు, తలుపు ఇంకా తెరవలేదు, కాపలావాడు మాత్రం ఎక్కి కూర్చున్నాడు.

ఇంత పదునైన ఆయుధాన్ని కణం తన దగ్గరే ఎలా ఉంచుకుంటుంది? తయారీలోనే దానికి ఒక తోక తగిలిస్తుంది. ఆ తోకే చిరునామా, అదే ఒర కూడా. కణంలోని రిక్తికకు చేరాక తోక తెగిపోతుంది. ఆ కణాన్ని చీల్చుకుని శిలీంధ్రం వచ్చిందా, డిఫెన్సిన్ దాని కణకవచం దాటి, లోపలి పొరలోని ఒక కొవ్వు అణువును పట్టుకుని, పొరను చెదరగొడుతుంది. పట్టు ఎలా పడుతుందో లా ట్రోబ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో స్ఫటికాల ద్వారా చూపించారు.

ఆండర్సన్ సహవ్యవస్థాపకురాలైన హెక్సిమా అనే సంస్థ ఈ జన్యువును పత్తిలో పెట్టింది. డార్లింగ్ డౌన్స్ ప్రాంతపు పత్తిలో 1993లో బయటపడ్డ ఫ్యుజేరియం ఎండు తెగులు ఇక్కడి రైతులను బాగా దెబ్బతీసింది. ఆ శిలీంధ్రం వేరు నుంచి వస్తుంది. పువ్వు తన కోసం దాచుకున్న కాపలాను మొక్క అంతటా నిలబెట్టారన్న మాట. తెగులు పట్టిన మట్టి ఉన్న పొలాల్లో ఆ పత్తి మామూలు పత్తి కంటే ఎక్కువగా బతికింది, ఎక్కువ దూది ఇచ్చింది. అయినా రైతు చేతికి రాలేదు. తర్వాత ఆ సంస్థే ఒక మొక్కల డిఫెన్సిన్‌ను మనుషుల గోళ్ల బూజుకు మందుగా చేయబోయింది. 2022లో ఆ మందు పరీక్ష ఫలించలేదు. దానితో ఈ విద్య పనికిరానిదైపోయిందని నేను ఒప్పుకోను. పువ్వు ఆయుధాన్ని మనం తీసుకున్నాం గానీ, ఏ వేళకు, ఏ వరసలో దాన్ని నిలపాలన్న దాని లెక్కను ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు. నా మటుకు నాకు అసలు విద్య అదే.

ఆ లెక్కకు అందని శత్రువులూ ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో న్యూ సౌత్ వేల్స్ తీరంలో మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు కనిపించింది. పరాయి నేల నుంచి వచ్చింది. యూకలిప్టస్, జామ కుటుంబం చెట్ల చిగుళ్ల మీద, మొగ్గల మీద పసుపు చల్లినట్టు పరుచుకుంటుంది. ఈ దేశపు అడవి జామ దాని వల్ల అంతరించే అంచుకు చేరింది. చిగురు, మొగ్గ మాడిపోతే విత్తనం ఎక్కడిది? కానీ అదే కుటుంబంలోని పేపర్‌బార్క్ చెట్ల గుంపులో ఒకటి మాడి, పక్కదే పచ్చగా నిలబడుతోంది. ఆ నిలబడ్డ చెట్టులో ఏ జన్యువు ఏ ఘడియలో మేలుకుందో ఇక్కడి శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. మామిడి పూతకు బూడిద తెగులు వస్తే గంధకం చల్లడమే తెలిసిన మన ఊళ్లకు కూడా అదే వెతుకులాట కావాలి.

మా పెరట్లోని అలాటా మొగ్గలు కొన్ని తెచ్చాను. వేలి గోరంత ఉన్నాయి, ఇంకా విచ్చుకోలేదు. ఆ చివరి బల్ల మీద నల్ల కాగితం పరిచాను, భూతద్దం కూడా ఉంది. పిల్లలు ముందు రండి. బ్లేడు నేను పట్టుకుంటాను.