ఒకే ఇంట ఇన్ని వేగములు

ఇంటికి వచ్చు తీగ ఒక్కటి. నెలనెలా చెల్లించు రుసుము ఒక్కటి. అయినను ముందుగదిలోని టెలివిజన్‌లో బొమ్మ నిలకడగా నడచును. పెరటివైపు గదిలో చదువుకొను పిల్లవాని ఫోనులో పాఠము ఆగి ఆగి వచ్చును. ఒకరి కొత్త ఫోనులో వేగపరీక్ష తొంబది చూపగా, అదే చోట వేరొకరి పాత ఫోనులో నలుబది దాటదు. జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని, ఇంటర్నెట్ గల ఇండ్లలో ఇది వినని ఇల్లు అరుదు. దీనికి అందరును చెప్పుకొను సమాధానము, "లైను మంచిది కాదు, ఇంకను పెద్ద ప్లాను తీసికొనవలె"నని. ఆ సమాధానము పలుమారులు తప్పు. తప్పు సమాధానమునకు నెలనెలా డబ్బు చెల్లించుట నష్టము. వేగము ఎక్కడ తగ్గుచున్నదో ఇంటివారే తెలిసికొనగల ఉపాయమును ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

మెట్ట ప్రాంతపు రైతులకు ఈ విషయము కొత్తది కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది; 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, నల్లగొండ, ఖమ్మము సీమలను దాటి మన వైపునకు వచ్చును. మనవి చివరి భూములు. జలాశయము వద్ద ఎంత నీరు వదలిరన్నది ఒక లెక్క. మన చేనిగట్టున ఎంత పారినదన్నది వేరొక లెక్క. నడుమ ఎక్కడ కాలువ ఇరుకైనదో, అక్కడి కొలతయే మనకు మిగులును.

ఇంటర్నెట్టు కూడ ఇట్టిదే. దూరపు సర్వరు నుండి మన ఊరి వరకు ఒక అంచె. ఊరి నుండి మన గోడమీది పెట్టె వరకు రెండవ అంచె. ఆ పెట్టె నుండి చేతిలోని ఫోను వరకు మూడవ అంచె. మూడింటిలో ఏది ఇరుకో దాని వేగమే మనకు దక్కును. మనము పెద్ద ప్లాను కొన్నప్పుడు వెడల్పగునది రెండవ అంచె మాత్రమే. ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క వేగము కలుగునది ముఖ్యముగా మూడవ అంచెలో.

ఈ తేడా ఇటీవలనే ఇంతగా బయటపడుటకు కారణము కలదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగ లాగి, నెలకు 149 రూపాయలకు టెలివిజన్, టెలిఫోనులతో పాటు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ ఇచ్చుట నాటి ఏర్పాటు. 15 మెగాబిట్లను పాత ఫోను సైతము సులభముగా అందుకొనగలదు. కనుక పరికరముల తారతమ్యము పైకి కనబడలేదు. ప్లానులు 100కు, 200కు పెరిగిన కొలది తీగ వెడల్పైనది. గాలిలోని దారి మాత్రము ఎప్పటివలెనే ఉండిపోయినది.

ఇచట కొలతను గూర్చి ఒక మాట. కంపెనీవారు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ఫైలు దించుకొనునపుడు కంప్యూటరు తరచుగా మెగాబైట్లలో చూపును. కుంచమునకు ఎనిమిది తవ్వలైనట్లు, బైటునకు ఎనిమిది బిట్లు. 100 మెగాబిట్ల లైనుమీద కంప్యూటరు 12 అని చూపినచో ఎవరును మోసగించినట్లు కాదు. మానము మారినది, ధాన్యము అదే.

ఇక గాలిలోని దారి. వైఫై యనునది రేడియోయే. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 358 మీటర్లు. కొండలు, గుట్టలు దానికి లెక్క కాదు. వైఫై పెట్టె వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము ఆరు సెంటీమీటర్లకు మించదు. తరంగము పొట్టిదైన కొలది గోడ దానికి పెద్ద ఆటంకము. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో వేగము ఎక్కువ, చొచ్చుకొనిపోవు శక్తి తక్కువ. 2.4లో వేగము తక్కువ, అందుబాటు ఎక్కువ. కాని అందు ఒకదానితో ఒకటి ఒరయకుండ ఇముడునవి మూడు చానెళ్లే. గోడకు గోడ ఆనుకొన్న వీథిలో పొరుగిండ్ల పెట్టెలన్నియు ఆ మూడింటినే పంచుకొనవలెను.

మన నేలలోని సున్నపురాయి జయంతిపురము, ముక్త్యాల కర్మాగారములలో సిమెంటు అగుచున్నది. ఆ సిమెంటులో ఇనుపచువ్వలు పొదిగిన శ్లాబు ఇంటికి బలము. వైఫైకి మాత్రము గట్టి అడ్డంకి. ఇనుప బీరువా, నిలువుటద్దము, నీళ్లతొట్టి కూడ తరంగమును అడ్డగించును. పనివాడు తీగ ఇంటిలోనికి వచ్చిన చోటనే, టెలివిజన్ ప్రక్కన, పెట్టె బిగించి వెళ్లును. అందుచేత ముందుగది కాలువ మొదటి భూమియు, పెరటిగది చివరి భూమియు అగుచున్నవి.

పరికరముల శక్తియు సమానము కాదు. 2009 నాటి వైఫై ప్రమాణమునకు చెందిన, ఒక ఆంటెనా గల ఫోను 2.4 పట్టీలో సామాన్యముగా 72 మెగాబిట్లకు మించి పెట్టెతో సంధానము కాలేదు. 2013 నాటి ప్రమాణములో ఒక ఆంటెనా ఫోను 5 పట్టీలో 433 వరకు, రెండు ఆంటెనాలున్నది 867 వరకు పోగలదు. 2021 ప్రమాణములో రెండు ఆంటెనాల ఫోను 1,200 వరకు చేరును. ఇవి కాగితముమీది అంకెలు. పరికరములు ఒకదాని నొకటి పలుకరించుకొనుటకు, వంతుకై వేచియుండుటకు పట్టు కాలము పోగా, చేతికి వచ్చునది సుమారు సగము. 72తో సంధానమైన ఫోనుకు 40 దక్కినచో అది తన శక్తికొలది పనిచేసినట్లే. ఇంటి ప్లాను 100 అయినను 300 అయినను దానికి ఒక్కటే.

ఇందు ఇంకొక చిక్కు కలదు. ఒకే చానెలులో ఒక సమయమున ఒక పరికరమే మాటాడవలెను. 433తో నడచు ఫోను పుచ్చుకొను సరకునే 72తో నడచు ఫోను పుచ్చుకొనుటకు ఆరు రెట్లు కాలము పట్టును; అంతవరకు తక్కినవి వేచియుండవలసినదే. ఒక ఇరుకుబండి బాటనంతయు ఆపినట్లగును. కావున పాత ఫోనులను 2.4 పట్టీలో ఉంచి, కొత్తవానిని 5 పట్టీకి మార్చినచో ఇరుతెగలకును మేలు.

తీగతో కలిపిన వానియందును భేదము కలదు. అనేక టెలివిజన్ల వెనుకనుండు కేబుల్ రంధ్రము 100 మెగాబిట్లకే నిర్మింపబడినది. కేబుల్‌లోని నాలుగు జతల తీగలలో ఒక జత తెగినను 100కే పరిమితమగును. 200 ప్లాను గల ఇంట పరీక్ష 94 వద్దనే నిలిచిపోయినచో ముందుగా అనుమానింపవలసినది ఈ కేబుల్‌ను, ఆ రంధ్రమును.

పరీక్షించు క్రమము ఇది. ఇంటిలోని తక్కిన పరికరములనన్నిటిని కొంతసేపు ఆపుడు. మంచి కేబుల్‌తో కంప్యూటరును పెట్టెకు కలిపి వేగము చూడుడు. కంప్యూటరు లేనిచో, కొత్త ఫోనుతో పెట్టెకు రెండు గజముల దూరమున నిలిచి, 5 పట్టీలో చూడుడు. కేబుల్‌పై కూడ ప్లానుకు చాల తక్కువ వచ్చినచో, వేరువేరు వేళల ఆ అంకెలను వ్రాసియుంచుకొని కంపెనీవారిని అడుగుడు. అపుడు తప్పు వారి వైపున ఉండవచ్చును. అచట సరిగా వచ్చి గదిలో తగ్గినచో, తప్పు గోడది, దూరముది. ఒకే చోట ఒక ఫోనులో ఎక్కువ, వేరొక ఫోనులో తక్కువ వచ్చినచో, భేదము ఫోనులది. ఈ చివరి రెంటిలో దేనిని గాని పెద్ద ప్లాను నయము చేయజాలదు.

ఎంత వేగము కావలెనన్నదియు ఆలోచింపదగినది. కేంద్రప్రభుత్వము 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు కనీసము సెకనుకు 2 మెగాబిట్లుండవలెనని నిర్ణయించినది. ఒక వీడియో పాఠమునకు మూడు నాలుగు మెగాబిట్లు తెగకుండ వచ్చినచో చాలును. పాఠము ఆగిపోవుట చాల సార్లు వేగము చాలక కాదు, నిలకడ లేక. 2020లో బడులు మూతపడి చదువు ఫోనులోనికి వచ్చినపుడు, అనేక గృహములలో పెద్దలు వాడి విడిచిన ఫోను పిల్లల కిచ్చిరి. సద్దుండదని వెనుకగది చూపిరి. పాత ఫోనును, దూరపు గదియును ఒక్కరికే దక్కినవి. ఆ ఏర్పాటు నేటికిని అనేక గృహములలో సాగుచున్నది.

దీనికి మందు ఖరీదైనది కాదు. పెట్టెను ఇంటి నడుమకు, ఎత్తైన చోటికి, బీరువాకు దూరముగా మార్పించుడు. తీగ చాలనిచో ఆ కొంత తీగకు ఒక్కసారి అగు ఖర్చు, పెద్ద ప్లానుకు ప్రతినెలా అగు ఖర్చుతో సరిచూచుకొనుడు. అదియు వీలుకానిచో వెనుకగదికి ఒక కేబుల్ లాగి, అచట రెండవ పెట్టెను అమర్చుడు. చివరి భూమికి నీరందవలెనన్నచో జలాశయమును పెంచుటకు ముందు మన పిల్లకాలువను చూచుకొనవలెను గదా!