మూత్రసంచి కింది గ్రంథి
(బాన్సువాడ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక వైద్యుని ప్రసంగ పాఠం)



బర్రె చూడి కట్టిందో లేదో పశువైద్యుడు ఎలా చూస్తాడో మీకు తెలుసు. తొడుగు వేసుకొని పేడదారిలో చేయి పెట్టి, పేగు గోడ మీదుగా గర్భసంచిని తడుముతాడు. మగవారిలో ప్రోస్టేట్ గ్రంథిని మేము చూసేదీ ఇదే పద్ధతిలో. చేయి కాదు, ఒక్క వేలు చాలు. ఆ మాట వినగానే మన పెద్దమనుషులు ఆసుపత్రి మెట్లు దిగిపోతారు.

పొత్తికడుపు అడుగున, ముందరి ఎముక వెనుక మూత్రసంచి ఉంటుంది. నిండితే సుమారు అర లీటరు, మన పాల ప్యాకెట్టంత. దాని మూతి కిందనే ఈ గ్రంథి. గ్రంథికి వెనుక మలం దిగే పేగు. అందుకే వేలికి అందుతుంది. వయసులో ఉన్నవారికి పెద్ద ఉసిరికాయంత, సుమారు 20 గ్రాములు. వీర్యంలో కలిసే ద్రవం కొంత ఇక్కడ తయారవుతుంది.

పూసలోంచి దారం పోయినట్టు మూత్రనాళం దీని నడుమనుంచి పోతుంది. చిక్కంతా అక్కడే. 50 ఏళ్లు దాటాక చాలామందిలో నాళం చుట్టూ ఉన్న లోపలి భాగం పెరుగుతుంది. పూస బయటికి పెరిగితే అంత బాధ లేదు, లోపలికి పెరిగితే దారి ఇరుకవుతుంది. కనుక కొంచెమే పెరిగినవారికి ఎక్కువ బాధ ఉండవచ్చు. ధార సన్నబడుతుంది, మొదలుకావడానికి సేపు పడుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది.

క్యాన్సరు మాత్రం ఎక్కువగా గ్రంథి వెనుకవైపు, బయటి అంచున పుడుతుంది. నాళానికి దూరం కనుక తొలిదశలో మూత్రానికి అడ్డురాదు. వేలికి గట్టిగా తగిలేది ఆ వైపే. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష కూడా ఉంది.

ఎద్దుకు ఈ గ్రంథి లేదా అంటారేమో. ఉంది. కాని మనిషికీ కుక్కకూ పెరిగినట్టు దానికి పెరగదు. ఎద్దుకు మూత్రం బందైతే సాధారణంగా రాయి కారణం. అది ఒక పూట మూత్రం పోయకపోతే డాక్టరు కోసం పరుగెత్తే రైతు, తన సంగతి వచ్చేసరికి రాత్రిళ్లు లేవకుండా ఉండాలని నీళ్లు తాగడమే మానేస్తాడు. ఎండల్లో పొలం పని చేసేవానికి అది మరో ముప్పు. మూత్రం సంచిలో నిలిచిపోతూ ఉంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

చాలామందికి మాత్రలతోనే గుణం కనిపిస్తుంది. అవసరమైతే పొట్ట కోయకుండా, నాళం లోపలినుంచే అడ్డు తీసే ఆపరేషన్ ఉంది. పూర్తిగా బందైతే తెల్లవారేదాకా ఆగకండి, ఆసుపత్రిలో సన్నని గొట్టం వేసి సంచి ఖాళీ చేస్తారు. జలుబుకని దుకాణంలో అడిగి కొని మింగే కొన్ని మాత్రలవల్ల కూడా ఇలా బందవుతుంది. ఏం మింగారో ఆ చీటీ వెంట తెచ్చుకోండి.