చైత్ర మంగళవారం చలివేంద్రం

బరంపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండ ఉంది. చైత్ర మంగళవారాల్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి జనం పోటెత్తుతారు. రోప్‌వే ఉన్నా, మొక్కుకున్నవాళ్ళు 999 మెట్లూ ఎక్కుతారు. చంకలో బిడ్డ, నెత్తిన ఎండ.

దారిలో చలివేంద్రం, ఒడియావారి మాటలో జలఛత్రం, పెట్టే కుర్రాళ్ళకు ఒక మాట. అందరూ గ్లాసులు అందించడంలోనే పడిపోతే మనుషుల్ని చూసేవాళ్ళుండరు. ఒక్కరిని ఆ పనికే ఉంచండి. వచ్చేవాళ్ళ ముఖం, అడుగు కనిపెట్టి చూడటమే వాళ్ళ పని. రెండు గంటలకోసారి మనిషిని మార్చండి, సేవ చేసేవాళ్ళకూ ఎండ ఎండే. పందిరి పక్కన అంబులెన్సు పట్టేంత దారి వదలండి.

లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి సిద్ధంగా ఉంచండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి, ఊపిరికి అడ్డం పడతాయి. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.